ఎనిమిదో పేరు

మా నరీన్ లోయలో అబద్ధమాడటం చేతకాని ముసలాణ్ణి నేనొక్కణ్ణే. కాబట్టి నమ్మి వినండి.

"మూత్రపిండాలు రెండూ ఎండిపోయాయి సత్కిన్ అన్నా. ఇంక మందు లేదు," అంది పశువుల డాక్టరమ్మ బురుల్.

సత్కిన్ పెంచిన వేటకుక్క బోరాన్ నీళ్ల బకెట్ పక్కనే పడి ఉంది. మొన్నటి చలికాలం తోడేలును ఒంటరిగా పడగొట్టిన కుక్క, ఇప్పుడు తల ఎత్తలేకపోతోంది. మూడేళ్లయినా నిండలేదు.

"ఎవరైనా విషం పెట్టారంటావా?"

"విషం రక్తంలోనే ఉంది. దీని తల్లీ తండ్రీ ఎవరు?"

"అన్నాచెల్లెళ్లే. జాతి చెడకూడదని..."

"బాగుంది! నీ కొడుక్కి మాత్రం, ఏడో తాత దగ్గర చుట్టరికం కలిసిందని బంగారం లాంటి సంబంధం వదులుకున్నావు!"

"ఏడు తరాలు దాటందే పెళ్లి కూడదన్న కట్టుబాటు మనుషులకి తల్లీ."

"ఆ సంగతి మూత్రపిండాలకి తెలీదన్నా."

సత్కిన్ పక్కన కట్టేసి ఉన్న ఆడకుక్క వైపు తిరిగాడు. ఇంట్లో ఇక మిగిలింది బోరాన్ చెల్లెలు జెబే ఒక్కటే.

"దీని కడుపన్నా చల్లగా ఉండే దారి చెప్పు."

"పరాయి రక్తం మగకుక్కను తీసుకురా. రెండు వైపులా ఇదే జబ్బుంటే పిల్లలకీ ఇదే గతి."

బోరాన్‌ను పూడ్చిపెట్టాక, కొండ అవతలి ఒస్మోన్‌కి కబురు పెట్టాడు. ఈ జాతిలో వేరే మగకుక్క ఉన్నది అతని దగ్గరే. ఒస్మోన్ దాన్ని జీపులో తెచ్చి, సత్కిన్, బురుల్ చూస్తుండగా వాకిట్లో దించాడు. జెబే తాడు తెంపుకునేంత పని చేసింది.

"ఆగు! ముందు వీడి తాతల పేర్లు చెప్పు," అన్నాడు సత్కిన్.

"ఏంటి బావా, పిల్లనిస్తున్నావా?"

"పిల్లనే ఇస్తున్నాను. చెప్పు."

ఒస్మోన్ నవ్వుతూ ఒక్కో వేలూ ముడిచి చెప్పాడు. ఏడు పేర్లూ పరాయివే. సత్కిన్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఆ పైది కూడా చెప్తా, విను. కరాకుష్! మీ నాన్న మా ఇంటికి బహుమానంగా ఇచ్చిన కుక్కే!"

"అయితే వీడిదీ మా కుక్కల రక్తమే!" అన్నాడు సత్కిన్. బురుల్ వైపు చూశాడు.

"ఎనిమిదోదే కదన్నా. ఏడూ దాటాయి," అందామె.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. విందుకి పొయ్యి మీద మాంసం ఎక్కించారు. జెబే తాడు విప్పారు.

ఇంత కథలో నేను కల్పించింది చిటికెడే. కరాకుష్ ఎనిమిదో పేరు కాదు, రెండోది.