ఆరు తప్పు జవాబులు

బెల్టు మూడోసారి వీపు మీద పడ్డా మా అమ్మాయి జ్యోతి కేక పెట్టలేదు.

"ఆరు తప్పులేటే! నాలాగ మురిక్కాలవలో దిగుతావేటి?" అంటూ మా ఆయన మళ్లీ చెయ్యెత్తాడు.

ఆ తప్పులు భవానీపూర్ కోచింగు సెంటర్లో ఇచ్చిన ప్రశ్నల్లోవి. ఇంగ్లీషు వాక్యంలో ఏ జాతీయం (ఇడియం) సరైనదో గుర్తించాలి. ఆయనకు ఇంగ్లీషు రాదు. ఏ, బీ, సీ, డీలు మాత్రం తెలుసు. రోజూ పని నుంచి రాగానే జ్యోతి కాగితాన్ని పుస్తకం చివరి పేజీలోని జవాబులతో సరిపోల్చి, తప్పుకొక దెబ్బ వేస్తాడు.

"ఛేడే దావ్, దాదా!" అని, వదిలెయ్యమంటూ పక్కింటి బెంగాలీ ఆయన గోడ అవతలి నుంచి అరిచాడు. మా ఆయన ఆరో దెబ్బ కూడా వేసి, టీ తాగడానికి వీధిలోకి వెళ్లాడు.

కింద పడ్డ పుస్తకం తీస్తే అందులో మడతపెట్టిన ఇంకో కాగితం కనిపించింది. అవే ప్రశ్నలు, అదే తేదీ. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చివరి పేజీతో చూసుకున్నాను. ఇరవై ఐదు జవాబులూ ఒప్పే.

"అన్నీ వచ్చి కూడా తప్పులు రాసి చూపించావేటే?"

జ్యోతి కట్టు కట్టి ఉన్న నా చేతి వైపు చూసింది.

"నా కాగితంలో తప్పు దొరక్కపోతే నాన్న నీ కూరలో ఎతుకుతాడు కదమ్మా. నీ చేతి ఎముక ఇంకా అతకనేలేదు."

మెట్ల మీద ఆయన దగ్గు వినిపించింది. నేను లేచి తలుపుకు లోపల గడియ పెట్టాను.