అందరికీ వెళ్ళిన మెయిల్

"హమ్మయ్య, పంపేసిన!" అంటూ గ్లోరీ ఫోన్‌ను బ్యాగులో పడేసి, కదులుతున్న నల్లగొండ బస్సెక్కింది.

విత్తనాల కంపెనీ నల్లగొండ ఆఫీసులో ఉన్నది ఒక్కటే ఉద్యోగం. పరీక్ష బాగా రాసిన ఐదుగురికీ కలిపి పొద్దున మేనేజరు సారు నుంచి ఒకే మెయిల్ వచ్చింది. సాయంత్రం ఐదులోపు సర్టిఫికెట్లు పంపాలి, పంపనివాళ్ళ పేరు తీసేస్తారు.

పత్తి చేలల్లో కూలికి పోయే ఈదమ్మ బిడ్డ గ్లోరీకి ఆ ఉద్యోగం వస్తే ఇల్లు గట్టెక్కినట్టే. కానీ నకిరేకల్ కాలేజీలో సర్టిఫికెట్లు చేతికొచ్చేసరికే నాలుగు దాటింది. అప్పటినుంచి గ్లోరీ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

సీట్లో కూర్చుందో లేదో ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"గ్లోరీ అంటే మీరేనా? మీ మెయిల్ల సర్టిఫికెట్లు లేవు. సబ్జెక్టు రాయలే, పేరు రాయలే. ఉత్తగ 'సార్ చూడండి' అని ఫోన్ నంబరు కొడితే ఎవరిదని చూస్తరు?"

గ్లోరీకి ఒళ్ళు మండింది. "మీరెవరు? నా నంబరు యాడిది?"

"నంబరు మెయిల్ల మీరే రాసిన్రు, పేరు మీ ఐడీల ఉన్నది. సారుకొక్కరికే పంపకుండ అందరికీ కొట్టిన్రు. జర చూసుకోండ్రి, ఐదయితాంది."

పక్కనున్న స్నేహితురాలు తిరుమల చెవిలో ఊదింది. "సైబర్ దొంగలే! గిట్లనే మాటల్ల పెట్టి ఓటీపీ అడుగుతరు. పెట్టెయ్!"

"మీ పని మీరు చూసుకోండ్రి!"

ఫోన్ పెట్టేయడమే కాదు, ఆ నంబరును బ్లాక్ కూడా చేసేసింది.

బస్సు ఊరు దాటింది. మనసు మాత్రం కుదురుకోలేదు.

"ఊకె ఫికరేందే నీకు?" అంది తిరుమల.

"ఒక్కపారి చూస్త."

తెరిచి చూసి గతుక్కుమంది. సబ్జెక్టు లేదు, పేరు లేదు, ఒక్క ఫైలు లేదు. పైగా ఆ ఉత్త మెయిల్ సారుతో పాటు మిగతా నలుగురికీ పోయింది.

కింద ఇంకో మెయిల్ వచ్చి ఉంది. "ఫోన్ కట్ అయింది. ఫైళ్ళు పెట్టి, సారుకు మాత్రమే మళ్ళీ పంపండి. టైం అయిపోతోంది. ఇట్లు, పెద్దులు."

ఆఫీసులో గుమాస్తా కాబోలు అనుకుంది. ఫైళ్ళు పెట్టింది, పేరు రాసింది, నొక్కింది. సిగ్నల్ వస్తోంది, పోతోంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"యేసయ్యా, పోనీయ్... పోనీయ్..."

ఐదు కొట్టకముందే పోయింది!

పెద్దులుకు ఒక మంచి మాట రాయాలనుకుంది. రేపు రాద్దాంలే అనుకుంది. ఉద్యోగం వచ్చిన సంబరంలో ఆ సంగతే మరిచింది. నంబరూ బ్లాక్‌లోనే ఉండిపోయింది.

ఉద్యోగంలో చేరిన రోజు గుర్తొచ్చి, మేనేజర్ ముజఫ్ఫర్ దగ్గరికి వెళ్ళింది.

"సార్, పెద్దులు సార్ యాడ కూసుంటరు? ఆయనను మాఫీ అడగాలె."

"గా పేరుతోటి మన దగ్గర ఎవ్వరు లేరు కదమ్మా." ఆయన ఆలోచించాడు. "ఆగాగు, అచ్చంపేట పిలగాడా? పరీక్షల నీ తర్వాత ర్యాంకు గాయనదే."

గ్లోరీ ఫోన్ తీసి, బ్లాక్ చేసిన ఆ నంబరు వెతకసాగింది.

"పాపం, 'మొదటొచ్చిన గ్లోరీ కాయితాలు ఐదులోపు రాకుంటే నౌకరి నీదే' అని మీకు మెయిల్ పంపిన పొద్దున నేనే ఫోన్ల చెప్పిన గా పిలగానికి."