సైలెన్సరాయన

"పవర్ స్టీరింగ్ పీకించేశాను," అన్నాడు భర్త, గ్రీజు చేతులతోనే ఇంట్లోకి వస్తూ.

కుక్కర్ మూత పెట్టబోతున్న భార్య ఆగింది.

"పాడైందా?"

"పాడవడం కాదు, దండగ బరువు. అది తీసేస్తే ఇంజన్ బలమంతా చక్రాలకే పోతుంది. రోడ్డు ఎలా ఉందో చేతికి తెలుస్తుంది."

"నాకు కళ్లకు కనబడితే చాలండీ. రోజూ పొద్దున్నే ఆ బండి తీయాల్సింది నేను."

"అలవాటైపోతుందిలే."

ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క చిన్న కారే. వారమంతా ఆమె అందులో రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళుతుంది. ఆదివారం అతను ఊరి బయట జరిగే కారు పోటీలకు తీసుకెళతాడు. వెనక సీటు ఎప్పుడో పోయింది. తర్వాత ఏసీ పోయింది. ఇప్పుడిది.

మర్నాడు ల్యాబ్ నుంచి వచ్చి, ఇంటి కింద రెండు స్తంభాల మధ్య గోడ వైపు ముఖంగా కారు దూర్చేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. రోడ్డు మీద పోతున్నప్పుడు ఫరవాలేదు. నిలబడ్డ చోట తిప్పాలంటే మాత్రం స్టీరింగ్ బండరాయిలా ఉంది. పొద్దున బయటికి తీయడం ఇంకా నరకం. వెనక్కీ ముందుకీ తిప్పీ తిప్పీ భుజం పట్టేసింది.

"జడ వేసుకుందామంటే చెయ్యి లేవడం లేదు," అంది.

"జిమ్‌కి వెళ్లే పని తప్పిందనుకో," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆ ఇంట్లో ఉప్పు కావాలన్నా ఎవరికి వాళ్లే లేచి తెచ్చుకున్నారు.

ఒకరోజు పొద్దున ఆమె కిందికి దిగేసరికి కారు గేటు వైపు తిరిగి ఉంది.

తాళం ఎప్పటిలాగే మెట్ల పక్క గోడ మేకుకు వేలాడుతోంది. ఒకరి బండికి ఇంకొకరి బండి అడ్డం కాబట్టి ఆ ఇంట్లో అద్దెకున్న అందరి తాళాలూ అక్కడే ఉంటాయి.

తను స్నానానికి వెళ్లినప్పుడు భర్తే దిగి తిప్పి ఉంటాడు అనుకుంది. సారీ చెప్పడానికి నోరు రాక ఈ పని చేశాడు.

ఆ సాయంత్రం తనే ముందుగా పలకరించింది.

మర్నాడూ కారు గేటు వైపే ఉంది. ఆ మర్నాడూ అంతే. బయల్దేరే ముందు భర్త ముసుగుతన్ని పడుకుని కనిపిస్తే, దొంగ నిద్ర అనుకుని దుప్పటి సర్ది వెళ్లేది.

"కారు ఒక్క ఊపులో తీసుకెళ్లిపోతున్నావు. అలవాటవుతుందని చెప్పానా?" అన్నాడొకసారి.

చేసింది చెప్పుకోవడం కూడా తెలీదు ఈ మనిషికి అనుకుని మురిసిపోయింది.

వాళ్లకున్న తలనొప్పల్లా కింది వాటాలో ఒంటరిగా ఉండే ముసలాయనే. కారుకు హోరెత్తే సైలెన్సర్ బిగించిన రోజునే పైకొచ్చి తలుపు కొట్టాడు.

"బాబూ, పాత సైలెన్సరే పెట్టించకూడదూ? చెవులు చిల్లులు పడుతున్నాయి."

అప్పటి నుంచీ వాళ్లిద్దరికీ ఆయన సైలెన్సరాయన.

ఒకరోజు ఆయన మెట్ల దగ్గర ఆమెను ఆపాడు.

"భుజం పట్టుకుని ఎక్కుతున్నావు తల్లీ. ఆ స్టీరింగ్ సంగతి మీ ఆయనతో నేను మాట్లాడనా?"

ఆమెకు చురుక్కుమంది.

"మా ఆయన గురించి మీకేం తెలుసు బాబాయిగారూ? రోజూ నాకోసం లేచి కారు గేటు వైపు తిప్పి పెట్టి మరీ పడుకుంటారు. భార్యను అంతగా చూసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు?"

ఆయన ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు.

"అలాగా తల్లీ. అయితే నేను మాట్లాడాల్సిన పని లేదు," అని లోపలికి వెళ్లిపోయాడు.

భుజం గురించి అడిగాడని ఆమె చెప్పగానే భర్త భగ్గుమన్నాడు.

"కారు అయిపోయింది, ఇప్పుడు మన కాపురంలో వేలు పెడుతున్నాడా?"

ఇద్దరూ కలిసే ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్లారు.

"ఆయనైనా ఉండాలి, మేమైనా ఉండాలి," అన్నాడతను.

"అవునండీ," అంది ఆమె కూడా.

నెల తిరక్కుండానే ముసలాయన సామాను చిన్న వ్యాన్లోకి ఎక్కింది. మంచం, స్టవ్వు, రెండు పెట్టెలు. వీళ్లు బాల్కనీలోంచి చూశారు గానీ కిందికి దిగలేదు.

మర్నాడు పొద్దున కారు గోడ వైపే ఉంది.

ఒంట్లో బాగోలేదేమోనని ఆమె మళ్లీ మేడెక్కి, భర్త నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

"ఏమైంది?" అన్నాడు కళ్లు నులుముకుంటూ.

"ఇవాళ కారు తిప్పలేదేం?"

"నేనెప్పుడు తిప్పాను? సాయంత్రం నువ్వే అలా పెట్టుకుంటున్నావనుకున్నా."

ఆమె గబగబా కిందికి దిగింది. మెట్లు కడిగే మనిషి బకెట్ నింపుకుంటోంది.

"ఇన్నాళ్లూ మా కారు తిప్పి పెట్టింది ఎవరు?"

పనిమనిషి కొళాయి కట్టేసింది.

"వెళ్లిపోయిన ఆయనే అమ్మా. ఇంజను వేస్తే మీ ఆయనకు మెలకువ వస్తుందని నన్ను వెనక్కీ ముందుకీ తోయమనేవారు. తను కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పేవారు. ఆయాసం వస్తే కాసేపు డోరుకి ఆనుకుని మళ్లీ తిప్పేవారు."

వెనకాలే వచ్చిన భర్త మెట్టు మీదే ఆగిపోయాడు.

"మరి నాకొక్క మాట చెప్పొచ్చు కదా?" అంది భార్య.

"చెబుతాననే అన్నానమ్మా. 'వద్దులే, ఆ పిల్ల మొగుడే చేస్తున్నాడనుకుని సంతోషంగా ఉంది, అలాగే అనుకోనీ' అన్నారు."