కాళ్లు కడిగే ఆదివారం

దగ్గరికి జరగండమ్మా, ఇది అరిచి చెప్పే కథ కాదు. ఆ మొక్కజొన్న రొట్టె నములుతూనే వినండి, పరవాలేదు.

"అక్కడే ఆగు! గడప దాటావంటే ఊరుకోను!"

లొవీనా అరిచిన అరుపుకు చర్చిలో పాట ఆగిపోయింది. ఆ రోజు కాళ్లు కడిగే ఆదివారం. కెంటకీ కొండల్లో మా చిన్న చర్చికి అది ఏడాదికొక్కసారే వస్తుంది. బల్లల ముందు నీళ్లు పోసిన బేసిన్లు, నడుముకు చుట్టుకోవడానికి పొడుగాటి తువాళ్లు. ప్రభువు శిష్యుల కాళ్లు కడిగినట్టు ఒకరి కాళ్లు ఒకరు కడగాలి.

గుమ్మంలో లొవీనా చెల్లెలు ఓర్ఫా నిలబడి ఉంది. బూట్లు చేత్తో పట్టుకుంది. వాగు మీది వంతెన వానకు కొట్టుకుపోతే నీళ్లలో దిగి దాటి వచ్చింది. మోకాళ్ల దాకా బొగ్గు కలిసిన నల్ల బురద.

"అక్కా..."

"ఎవతెవే నీకు అక్క? అమ్మ పోతే శవానికి స్నానం చేయించడానికి రాలేదు నువ్వు. ఎవడి వెంటో ఊళ్లు పట్టుకు తిరిగావు. ఒక్కదాన్నే నీళ్లు కాచుకుని, ఒక్కదాన్నే అమ్మ కాళ్లూ చేతులూ తుడిచాను. ఇప్పుడు కాళ్లు కడిగించుకోవడానికి మాత్రం వచ్చావా?"

ఓర్ఫా తల దించుకుంది. "నిజమే అక్కా. ఆ పాపంతో నేనూ చచ్చాను. తింటున్నా, తిరుగుతున్నా, లోపల మాత్రం శవాన్నే."

"అయితే శవాలుండే చోటే ఉండు. కొండ మీద సమాధుల మధ్య బోలెడంత జాగా ఉంది."

మగవాళ్ల వైపు నుంచి లొవీనా మొగుడు ఎస్టిల్ గొంతు సవరించుకున్నాడు. "పోనీలేవే, రానీ పాపం..."

"నువ్వు నోరు మూసుకో!"

"నోరు మూసుకుంటా గానీ కాళ్లు ఇంకా మండుతున్నాయే." ఎస్టిల్ బోధకుడి వైపు తిరిగాడు. "అయ్యగారూ, చీకటితో లేపి నా కాళ్లూ, పిల్లలు నలుగురి కాళ్లూ తోలు ఊడేలా తోమింది. తొట్లకు తొట్లు పారబోసి దొడ్డంతా వాగు చేసింది. చర్చి గంట కొట్టినా వదల్లేదు. ఇక ఇక్కడ కడగడానికి ఏం మిగిలిందని?"

జనం గొల్లున నవ్వారు. నవ్వరూ మరి? ఆ వేళ ఇంట్లో కాళ్లు తోముకోకుండా వచ్చినవాళ్లు ఎవరు గనక! పక్కవాళ్ల ముందు మురికి కాళ్లు చాపితే పరువేం కావాలి?

లొవీనా మాత్రం నవ్వలేదు. మందపాటి తెల్ల మేజోళ్లు, మెరిసే బూట్లు తొడిగిన కాళ్లు దగ్గరికి పెట్టుకుంది. "ఆ కాళ్లతో దేవుడి ఇంట్లోకా? ముందు పంపు దగ్గర కడుక్కోమనండి అయ్యగారూ" అంది.

ఓర్ఫా వెనక్కి తిరిగింది. "అక్క చెప్పింది న్యాయమే. శుభ్రపడి వచ్చే ఏడు వస్తాను."

"పోయినేడూ ఈ గుమ్మంలోనే ఈ మాటే అన్నావు గదమ్మా" అన్నాడు బోధకుడు హైరమ్ అయ్యగారు. బొగ్గు గనిలో పని చేసి చేసి ఆయన వీపు వంగింది గానీ గొంతు వంగలేదు. "అంతకు ముందేడూ అన్నావు. ఒక్క సంగతి చెప్పు. చచ్చిన లాజరు, ప్రభువు పిలిస్తే, సమాధిలోంచి స్నానం చేసి వచ్చాడా?"

"లేదయ్యా."

"నాలుగు రోజుల కంపుతో వచ్చాడు. ప్రభువు ముక్కు మూసుకున్నాడా?"

"లేదయ్యా."

"చచ్చినవాడికి ఒళ్లు కడుక్కునే ఓపిక ఎక్కడిదమ్మా? పిలిచినవాడే బతికించాడు. ఊరికే బతికించాడు. కృప అంటే అదే. రా లోపలికి."

ఓర్ఫా వచ్చింది. నేల పొడుగునా నల్లటి అడుగులు పడ్డాయి. ఖాళీ ఉన్నది ఒక్క చోటే, లొవీనా పక్కన. అది వాళ్లమ్మ కూర్చునే చోటు. లొవీనా అక్కడ ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు.

"నేను మాత్రం దీని కాళ్లు ముట్టను" అంది లొవీనా.

"వద్దులే అక్కా. నేనే నీవి కడుగుతా."

కూర్చోకుండానే ఓర్ఫా నడుముకు తువాలు చుట్టుకుంది. బేసిన్ లాక్కుని అక్క ముందు మోకరించింది. అంతమంది ముందు కాదనలేక లొవీనా మొహం పక్కకు తిప్పుకుని కాలు చాపింది. ఓర్ఫా బూటు విప్పింది. మేజోడు అంచు మీద చెయ్యి వేసింది.

అప్పుడు మారింది లొవీనా మొహం. "ఆగు... వద్దు! వద్దే!" అంటూ కాలు వెనక్కి లాక్కుంది. కాలు వెళ్లింది గానీ మేజోడు ఓర్ఫా చేతిలోనే ఉండిపోయింది.

తెల్ల మేజోడులోంచి బయటపడిన పాదం మడమ నుంచి వేళ్ల దాకా బురదతో అట్టకట్టి ఉంది. ఇంటిల్లిపాది కాళ్లూ తోమి, ఆ నీళ్లన్నీ దొడ్లో పారబోస్తూ ఉత్త కాళ్లతో తిరిగి, గంట మోగేసరికి ఆ బురద మీదే మేజోళ్లు లాగేసుకుని పరుగెత్తుకొచ్చింది మహాతల్లి. తన కాళ్ల సంగతే మరిచిపోయింది.

ఎస్టిల్ కూడా నవ్వలేదు.

"వదులు" అంది లొవీనా. "పంపు దగ్గరికి పోయొస్తా."

ఓర్ఫా ఆ పాదాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. "ఎందుకక్కా? లాజరు స్నానం చేసి వచ్చాడా?"

లొవీనా నవ్వబోయి ఏడ్చింది. బల్ల మీంచి నేలకు జారి, ఇంకో బేసిన్ లాక్కుంది. "నీ కాలు ఇటివ్వవే, పిచ్చి మొహమా" అంది. ఆ బురద కొంచెం కరిగేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. "అచ్చం అమ్మ పాదమేనే నీది..."

ఆ రోజు చర్చిలో మిగతా బేసిన్లన్నిటిలోనూ పోసిన నీళ్లు పోసినట్టే తేటగా మిగిలాయి. నల్లబడినవి రెండే రెండు. గుర్తు పెట్టుకోండి, మీ పిల్లలకూ చెప్పండి. అయితే చెప్పడానికి కూర్చునే ముందు, మీ కాళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో అని మాత్రం చూసుకోకండి.