రాజావారి రాళ్లు

"మూడు దినాలాయ సార్. కాలెత్తుతాడు, ముక్కుతాడు, చుక్క చుక్కే వస్తాది. ఈపొద్దు రక్తం పడినాది," అంటూ పెద్దసుబ్బయ్య తన బొచ్చుకుక్క రాజాను పశువుల డాక్టరు బల్ల మీద పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి పాపం.

కోయిలకుంట్లలో ఆయన వాటర్ ప్లాంటు ఎరగనివాళ్లు లేరు. ఎండాకాలం ఊరంతా బిందెలతో ట్యాంకరు వెంట పరుగెత్తుతుంటే, పిల్లల్లేని ఆ ఇంట్లో రాజా మాత్రం వెండిగిన్నెలో మినరల్ వాటర్ తాగుతుంది. భార్య సుందరలక్ష్మి ప్రతి సోమవారం జీపులో పది ఖాళీ క్యాన్లు వేసుకుని మహానందికి పోయి తీర్థం నింపుకొస్తుంది. అంత భక్తి ఊళ్లో ఇంకెవరికీ లేదు.

డాక్టర్ యేసుప్రసాద్ పొత్తికడుపు నొక్కాడు. రాజా కుయ్యోమంది. సన్న గొట్టం ఎక్కిస్తే సగంలోనే గరగరమంటూ ఆగింది.

"మూత్రసంచిలో రాళ్లుండాయప్పా. ఇంగో దినం ఆగింటే పాణానికే వచ్చేది."

నీళ్లు ఎక్కించి అడ్డుపడ్డ రాయిని వెనక్కి తోశాడు. ఉచ్చ ధారగా వచ్చింది. సుబ్బయ్య దేవుడికి దండం పెట్టాడు.

"మాంసం పెడతాండావా?"

"రామరామ! పెరుగన్నమే సార్."

"మరి బోరునీళ్లు తాపుతాండావా? ఉప్పునీళ్లతో గూడా ఇట్లయితాది."

"బోరునీళ్లా? క్యాన్ విప్పితే మొదటి గ్లాసు వీనికే!"

"మీ ప్లాంటు నీళ్లయితే ఇంగ అడిగేదేముంది. వాని రాత. మందులు వారం వెయ్యి, నీళ్లు బాగా తాపు. తగ్గకుంటే తిరుపతిలో ఆపరేషనే."

నడుం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు డాక్టరు. మూలనున్న క్యాన్‌లోంచి గ్లాసు నింపుకుని గటగటా తాగాడు.

"పోయిన నెల నాకూ రాళ్లే బయటపడినాయప్పా. నీళ్లు శానా తాగమన్నారు. రేపట్నుంచి ఇంగో క్యాన్ ఎక్కువ పంపు."

"దానికేం సార్, రెండు పంపుతా," అన్నాడు సుబ్బయ్య, తడుముకోకుండా.

ఇంటికొచ్చి వెండిగిన్నెలోని నీళ్లు మోరీలో పారబోశాడు. వీధి తలుపు గడియ పెట్టాడు.

"డాక్టరు ఏమన్న్యాడు?" ఏడుపు గొంతుతో అడిగింది సుందరలక్ష్మి.

"ఇంగ వీనికీ మనం తాగే మహానంది నీళ్లే పొయ్యి."