వక్కాకు మర్యాద

తాసీల్దారు జీపు కదిలేదాకా నవ్వుముఖంతోనే నిలబడ్డాడు గ్రామ మునసబు వెంకటముని. అది మదనపల్లె దారి పట్టగానే గొర్రెల మల్లప్ప మీద విరుచుకుపడ్డాడు.

"యాల నోరు మూసుకున్నావురా? నువ్వొక్కడు అడ్డం చెప్పుంటే లీజు ఆగిపోయుండేది గదా!"

కొండమీది హోటలు నష్టాల్లో మునిగింది. దాన్ని నిలబెట్టడానికి ఊరి మేతబీడును ఆ హోటలుకే లీజుకిస్తామంది సర్కారు. దండోరా వేయించి అభ్యంతరాలు అడగాల్సింది వెంకటమునే. సర్కారు కొలువులో ఉండి తను కాదనలేడు. అందుకే మల్లప్ప గొంతు మీద ఆశ పెట్టుకున్నాడు. తీరా చూస్తే ఊరంతా జీపు దగ్గర ఒప్పుదల కాగితం మీద వేలిముద్రలు వేసేసింది.

"గొర్రెల్ని యాడ మేపుతావు?"

"హోటల్లో టిఫిను పెట్టిస్తాలేప్పా," అని నవ్వాడు మల్లప్ప. ఆ నవ్వు నిలవలేదు. "పుంగనూరు సంతలో అమ్మేస్తాము."

"పిచ్చి పట్టిందా నీకు?"

"నిన్న హోటలాయన మీ అరుగుమీద కూసున్నప్పుడు నువ్వే ఆయప్ప చేతిలో వక్కాకు పెట్టినావు గదా. మాటిచ్చేసినావనుకున్నాము. నీ మాటకు మేమే అడ్డం పడితే, రేపు నలుగుర్లో నువ్వు తలెత్తుకోవాల్నా వద్దా?"

ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపలేక వెంకటముని మర్యాదకిచ్చిన వక్కాకు అది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గొర్రెలవాళ్లంతా అతని ముఖంలోకే చూస్తున్నారు.

"నీ మాట నిలబెట్టినాము గదప్పా?" ఆశగా అడిగాడు మల్లప్ప.

"నిలబెట్టినారురా," అన్నాడు వెంకటముని.