కొంచెం బాగా చెప్పండి

దరఖాస్తులో 'పాత ఉద్యోగం మానేసిన కారణం' అన్న చోట ఒకే ఒక్క మాట ఉంది: తీసేశారు.

ఆసుపత్రిలో ఉద్యోగాల వ్యవహారం చూసే ఆఫీసరమ్మకు ఒళ్లు మండింది.

లిఫ్టు మెకానిక్కుగా ఇరవై రెండేళ్ల అనుభవం. పద్నాలుగు నెలలుగా పని లేదు. ఇంట్లో చదువుకునే పిల్లలిద్దరు. అయినా ఈ మనిషి చేజేతులా చెడగొట్టుకుంటున్నాడు.

"ఇలా ఎవరైనా రాస్తారా?"

"అడిగారు కదా మేడం."

"సొంత కారణాల వల్ల మానేశానని రాయండి."

"నేను మానలేదు కదండీ."

"అబద్ధం చెప్పమనడం లేదు. కొంచెం బాగా చెప్పమంటున్నాను."

"కొంచెమంటే ఎంత మేడం?"

ఆమె దరఖాస్తును ఫైల్లోకి తోసింది. కోపం ఇంకాస్త పెరిగింది.

లోపల డైరెక్టరు కూడా ఆ మాట దగ్గరే ఆగాడు.

"ఎందుకు తీసేశారు?"

"పైవాళ్ల మాట వినలేదండి."

డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. ఏ మాట వినలేదని ఆయన అడగలేదు. పక్కనే కూర్చున్న ఆమె కూడా అడగలేదు.

"మీ గొప్పేమిటో ఒకటి చెప్పండి."

"గొప్పేముందండీ. లిఫ్టు బాగుంటే బాగుందంటాను. లేకపోతే లేదంటాను."

"ఆ మాత్రం ఎవరైనా అంటారు," అన్నాడు డైరెక్టరు.

తర్వాత వచ్చినవాడు కూడా ఆ పాత కంపెనీవాడే. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, ఫైల్లో పేపరు ముక్క. పెను ప్రమాదం తప్పించిన కంపెనీ అని పెద్ద అక్షరాలు.

"పన్నెండంతస్తుల బిల్డింగు సార్. లిఫ్టు తాడు తెగడానికి సిద్ధంగా ఉంది. ముందే పట్టుకున్నాం. ఎన్ని ప్రాణాలు నిలబెట్టామో లెక్కే లేదు."

డైరెక్టరు లేచి చెయ్యి కలిపాడు.

పట్టుకున్నాం అంటే ఎవరెవరు అని అడిగే ఓపిక ఆ గదిలో ఒక్కరికీ లేకపోయింది. రోగుల్ని మంచాలతో సహా మోసే లిఫ్టులు నాలుగూ ఆ సాయంత్రమే అతని చేతికి అప్పజెప్పారు.

చెప్పుకోవడమంటే ఇదీ అనుకుంది ఆమె. ఈ రోజుల్లో బొంకడానికి ఎన్ని ముద్దుపేర్లో!

రెండు వారాల తర్వాత, 'తీసేశారు' అని రాసిన మెకానిక్కు తన సర్టిఫికెట్లు తీసుకెళ్లడానికి వచ్చాడు.

"ఇంకెక్కడైనా కుదిరిందా?"

"లేదు మేడం. పనిముట్లు అమ్మేశాను. మా బావమరిది సిమెంటు కొట్లో కూర్చుంటున్నాను."

"అంతా మీరు చేసుకున్నదే. నాలుగు మాటలు చెప్పుకుని ఉంటే ఇక్కడే ఉండేవారు."

ఆమె గొంతులో జాలి కన్నా కోపమే ఎక్కువ వినిపించింది. అతను తల ఊపి, కాగితాలు జాగ్రత్తగా కవరులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నెల నిండాక కొత్తవాడి ఉద్యోగం ఖాయం చెయ్యాలి. వాకబు చెయ్యడం ఆనవాయితీ కాబట్టి ఆమె అతని పాత కంపెనీకి ఫోన్ చేసింది.

సూపర్‌వైజరు పలికాడు. చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడని కొత్తవాడి మీద అతనికి గుర్రుగా ఉంది.

"ఆ బిల్డింగులో తాడు సంగతి పట్టుకున్నది ఈయనే కదండీ?"

"వాడా? ఆ తాడు భేషుగ్గా ఉందని సంతకం పెట్టింది వాడే."

ఆమె కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మరి పేపర్లో మీ కంపెనీని అంత పొగిడారు?"

"మేమే వేయించుకున్నామమ్మా. వ్యాపారమన్నాక కొంచెం బాగా చెప్పుకోవాలి కదా."

"అయితే పట్టుకున్నదెవరు?"

"ఇంకొకడున్నాడు లెండి, లిఫ్టు ఆపేసి తాళం వేసుకుని కూర్చున్నాడు, తెరవమని ఎంత చెప్పినా వినకపోతే ఆ పూటే తీసేశాం, మీ దగ్గరికే వచ్చాడని విన్నాను, పెట్టుకున్నారా?"